నా సంతాప సభ

నేను చనిపోయానన్న సంగతి నాకు కోర్టు క్యాంటీన్‌లో తెలిసింది.

పై అంతస్తు కోర్టులో ఒక మొండి సాక్షిని లంచ్ దాకా క్రాస్ ఎగ్జామిన్ చేసి, గొంతు తడారిపోయి, చాయ్ తాగుదామని కిందికి దిగాను. నా వెనకాల ఫైళ్ళు మోసుకుంటూ నా జూనియర్ అమ్మాయి వస్తోంది. క్యాంటీన్ నడిపే ఆయన గ్లాసుల్లో చాయ్ పోస్తున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. గ్లాసు నిండి, బల్ల మీద పారి, అంచు మీంచి కిందికి కారుతున్నా పోస్తూనే ఉన్నాడు.

"ఏందయ్యా, చాయ్ అంత నేలపాలైతుంది" అన్నాను.

"మేడమ్... మీరు పోయిన్రంట గదా?"

"యాడికి పోయిన?"

ఆయన కెటిల్ కింద పెట్టి చేతులు జోడించాడు. అప్పుడు చెప్పాడు. పొద్దున్నే పోయానట. బార్ అసోసియేషన్ ప్రెసిడెంటు గారే చెప్పారట. లంచ్ తర్వాత బార్ హాల్లో సంతాప సభ పెట్టారట, వచ్చినవాళ్ళకు చాయ్‌లు కూడా చెప్పారట. "గవ్వే పోస్తున్న మేడమ్, మీకోసమే" అన్నాడు. అనేశాక తనే బిత్తరపోయి నా వైపు చూశాడు.

నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు ఎవరికైనా చెబితే వాళ్ళు నవ్వుతారు, నేనూ కలిసి నవ్వుతాను. కానీ ఆ క్షణాన నా కుడిచెయ్యి దానంతట అదే పోయి ఎడమచేతి మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళు సాక్ష్యాలూ రుజువులూ అంటూ బతికినదాన్ని, ఉన్నానో లేనో నాడి పట్టుకుని చూసుకున్నాను.

కోర్టు హాల్లోకి వెళ్ళేముందు ఫోన్ ఆపేయడం నాకు అలవాటు. ఇప్పుడు ఆన్ చేశాను. అది చేతిలో చేపలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మిస్డ్ కాల్స్, మెసేజులు, అన్నిటికంటే పైన మా లా కాలేజీ గ్రూపు.

మేం చదివింది సికింద్రాబాద్ స్టేషన్‌కు అవతల ఒక స్కూలు మేడ మీద సాయంత్రం పూట నడిచిన కాలేజీలో. పగలంతా ఆఫీసుల్లో పనిచేసి వచ్చి చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చునేవాళ్ళం. సగం మంది ప్రమోషన్ కోసం పట్టా తీసుకున్నవాళ్ళే. నల్లకోటు వేసుకుని కోర్టుకెక్కినవాళ్ళు కొందరే. ఈ రెండు రకాలవాళ్ళకూ మధ్య ఉన్న తేడా వల్లనే నేను చచ్చాను, ఆ సంగతికి వస్తాను.

ఆ గ్రూపు అడ్మిన్ మౌలాలిలో ఉండే ఒక అన్న. రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. ఒక్కరోజు కూడా కోర్టులో నిలబడలేదు గాని, కాలేజీ అంటే ప్రాణం. మాలో ఎవరు జడ్జి అయినా, ఎవరికి శాలువా కప్పినా, ఎవరు టీవీ చర్చలో వెనక వరసలో కనిపించినా మా అందరికంటే ముందు ఆయనే గ్రూపులో పెడతాడు. కింద అభినందనలు వానలా కురుస్తాయి. ఏ పెద్ద తీర్పు వచ్చినా మావాళ్ళు దాన్ని చదవకముందే దాని మీద వ్యాసాలు రాస్తారు. చావు కబురైతే అన్న మొదటి వరసలో "షాకింగ్ న్యూస్" అని పెడతాడు. ఏళ్ళ తరబడి మంచాన పడ్డ మా ముసలి ప్రొఫెసరు పోయినప్పుడు కూడా షాకింగ్ న్యూసే.

ఇప్పుడు నా ఫొటో మీద అదే మాట ఉంది. "షాకింగ్ న్యూస్. మన కాలేజీ ఆణిముత్యం, ప్రముఖ న్యాయవాది, మనందరి చెల్లెమ్మ ఈ ఉదయం మనల్ని శోకసముద్రంలో ముంచి వెళ్ళిపోయారు. వివరాలు తర్వాత." ఆ ఫొటో కాలేజీ వార్షికోత్సవం నాటిది. దాంట్లో నేను నోరు తెరిచి మిర్చి బజ్జీ కొరుకుతున్నాను. చచ్చినదానికి పెట్టడానికి అంతకంటే మంచి ఫొటో దొరకలేదా అని ముందు కోపం వచ్చింది. మనిషికి ఏ క్షణాన ఏం కోపం వస్తుందో చెప్పలేం.

కింద ఒకరి తర్వాత ఒకరు. ఓం శాంతి, ఓం శాంతి. సుప్రీంకోర్టులో ఎన్నో చరిత్రాత్మక కేసులు వాదించిన ధీశాలి అని ఒకాయన. సుప్రీంకోర్టు గేటు కూడా నేను చూడలేదు. కాలేజీ టాపర్ అని ఇంకొకామె. నేను కాంట్రాక్ట్ లా రెండుసార్లు రాశాను, ఆమె ఒకసారి నా పక్క బెంచీలోనే కూర్చుంది. కొంచెం కోపిష్టి అయినా మనసు వెన్న అని ఒకరు. ఆ "అయినా" దగ్గర నా పళ్ళు బిగుసుకున్నాయి. మూడేళ్ళుగా నా ఫోనెత్తనివాడు మేమిద్దరం అన్నాచెల్లెళ్ళలా పెరిగామని రాశాడు.

అందరికంటే పొడుగ్గా, అందరికంటే అందంగా రాసింది మా బ్యాచ్‌మేట్ ఒకడు. కాలేజీ రోజుల్లో నేను బస్సు పాసు మర్చిపోతే నాతో పాటు తానూ నడిచి వచ్చిన సంగతి, నేను మొదటి కేసు ఓడిపోయి స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చిన సంగతి, అన్నీ నిజాలే. చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. నేను పోయినందుకు నాకే దిగులేసింది. చివర్లో "ఈ రోజు నా సగం యౌవనం పోయింది" అని రాశాడు.

"ఇదెట్ల పుట్టిందే?" అని వెనక్కి తిరిగాను. నా జూనియర్ అమ్మాయి మొహం సున్నంలా తెల్లబోయి ఉంది.

"మేడమ్, నావల్లనే అనుకుంటా."

కోర్టులో పాసోవర్ అని ఒకటుంది. కేసు పిలిచేసరికి వకీలు వేరే కోర్టులో ఇరుక్కుని ఉంటే, జూనియర్ లేచి పాసోవర్ అడుగుతుంది. అంటే ఈ కేసును పక్కనపెట్టి, జాబితా అంతా అయ్యాక మళ్ళీ పిలవమని. నల్లకోటు వేసుకున్న ప్రతివాడూ రోజుకోసారైనా ఈ మాట అంటాడు. ఆ పొద్దున నేను పైన సాక్షితో కుస్తీ పడుతుంటే, కింది కోర్టులో నా ఇంకో కేసు పిలిచారు. ఈ అమ్మాయి వెళ్ళి పాసోవర్ తీసుకుంది. ఆ సంగతి మా గుమాస్తాకు చెబుదామని ఇంగ్లీషులో "మేడమ్ పాస్డ్ ఓవర్" అని మెసేజ్ కొట్టింది. కిందటేడు మా కాలేజీలోనే పాసై కొత్తగా మా గ్రూపులో చేరింది కదా, తొందరలో అది గ్రూపులో పడింది. చూసుకుని వెంటనే తీసేసింది. తీసేశాను కదా, ఇంకేముంది అనుకుని పైకొచ్చి నా పక్కన కూర్చుంది.

మౌలాలి అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారికి "ఎవరూ?" అని వణుకుతున్న గొంతు.

"నేనే అన్నా. బతికే ఉన్న."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడు.

"చెల్లెమ్మా! పాస్డ్ ఓవర్ అని పెట్టిన్రు గదమ్మా?"

"పాసోవర్ అంటే వాయిదా లాంటిదన్నా! మళ్ళీ పిలుస్తరని!"

"నాకేమెరుక తల్లీ, నేనెన్నడన్న కోర్టుకొచ్చిన్నా? పాస్డ్ అంటె పోయిన్రని, ఓవర్ అంటె అయిపోయిందని. ఒకటి గాదు, రెండు మాటలున్నయ్. మల్ల ఆ మెసేజ్ గాయబ్ చేసిన్రు. ఇంటోళ్ళకింక చెప్పలేదేమో, అందుకే తీసిన్రనుకున్న. నీకు చేస్తె ఫోన్ బంద్. ఇగ నాకు పక్కా అయింది."

ఆయన ఏడుస్తున్నాడు. తిట్టాలని చేసినదాన్ని ఆయన్ను ఊరడించాల్సి వచ్చింది. సరే, ఒక పొరపాటు, ఒక నవ్వులాట, సాయంత్రానికి సర్దుకుంటుంది అనుకున్నాను. నేను బతికి ఉన్నానని అందరికీ చూపిస్తే సరిపోతుందనుకుని బార్ హాల్‌కు నడిచాను.

నేను తలుపు తీసేసరికి లోపల అందరూ నిలబడి ఉన్నారు. నల్లకోట్లు, వంచిన తలలు. రెండు నిమిషాల మౌనం. వేదిక మీద నా ఫొటో, అదే మిర్చి బజ్జీ ఫొటో, దానికి బంతిపూల దండ. నేను అరవాలి కదా. "ఆపండి, నేనిక్కడున్న" అనాలి కదా. అనలేదు. మౌనం పాటించేటప్పుడు మాట్లాడకూడదని ఒంట్లో ఇంకిపోయింది. తలుపు దగ్గర నేనూ తల వంచి నిలబడ్డాను. నా పక్కన నా జూనియర్ కూడా నిలబడింది. నాకోసం నేను మౌనం పాటించిన ఆ కాసేపు నా జీవితంలో చాలా పొడుగైన కాసేపు. ముందు వరసలో ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన్ని గుర్తుపెట్టుకున్నాను.

మౌనం అయిపోయి తలలెత్తాక ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. ఒకామె కెవ్వున అరిచింది. ప్రెసిడెంటు గారు మైకులోనే "అరే!" అన్నారు. తర్వాత కేకలు, నవ్వులు, కౌగిలింతలు. నూరేళ్ళు అన్నారు, దిష్టి పోయిందన్నారు. ఎవరో దండ తీసి నా మెడలో వేయబోయారు, చెయ్యి విదిలించాను. సంతాప తీర్మానం రాసిన కాగితాన్ని ఫ్రేము కట్టించుకొమ్మని ఒక కుర్ర వకీలు సలహా ఇచ్చాడు. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వాను. చావు తర్వాత ఇంతమంది ఉంటారని తెలిస్తే ఎవరికి మాత్రం బాగుండదు?

అప్పుడు చూశాను, హాలు బయట వరండాలో, స్తంభం పక్కన. మా దర్జీ చాచా.

తిరుమలగిరిలో మిలిటరీ యూనిఫారాలు కుట్టే దుకాణం ఆయనది. నా పెళ్ళికి ముందు నుంచీ అక్కడే ఉంది. స్థలం ఓనరు దాన్ని బిల్డరుకు అమ్మేశాడు. బిల్డరు దుకాణం ఖాళీ చేయమని ఒత్తిడి చేస్తే, నేను దావా వేసి స్టే తెచ్చాను. స్టే అంటే కేసు తేలేదాకా దుకాణం జోలికి రావొద్దని కోర్టు ఇచ్చే ఆర్డరు. అయితే అది వాయిదా నుంచి వాయిదా దాకానే. ప్రతి వాయిదాకూ ఎవరో ఒకరు లేచి "స్టే పొడిగించండి" అనాలి, జడ్జి తలూపాలి, అది ఆర్డరులో పడాలి. ఆ ఒక్క మాట పడకపోతే ఆ రోజుతో స్టే పోయినట్టే. పొద్దున పాసోవర్ అడిగింది ఈ కేసులోనే.

చాచా నన్ను చూసి కదల్లేదు. గడ్డం తడిసి ఉంది. దగ్గరికి వెళ్ళాను.

"చాచా, నేను బాగనే ఉన్న. ఉత్త పుకారు."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు, గట్టిగా ఒత్తి చూశాడు. "అల్లా మెహర్బానీ. బేటీ, జడ్జి మేడమ్ వేరే వకీలును పెట్టుకొమ్మన్నది నన్ను. నేనేమనాలె? సరేనన్న."

నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"ఎప్పుడు? ఎప్పుడన్నది?"

"లంచ్‌కు ముంగట. మన కేస్ పిలిచిన్రు. అవతలి వకీల్ సాబ్ లేచి, ఆమె పోయింది అన్నడు. పాపం చాన ఏడ్చిండు ఆయన. కోర్టంత చుప్. జడ్జి మేడమ్ వేరే తారీఖు ఇచ్చింది."

"స్టే? స్టే గురించి ఎవరన్న ఏమన్న అన్నరా?"

"నాకు సమజ్ గాలె బేటీ."

నేను మెట్లు ఎలా దిగానో గుర్తు లేదు. కింది కోర్టులో బెంచ్ క్లర్కు ఒక్కడే ఉన్నాడు. వకీలెవరైనా పోతే సగం రోజు పని ఆపడం ఆనవాయితీ, నాకోసం కూడా బంద్ పెట్టారు కాబట్టి జడ్జి లేచి ఛాంబర్‌లోకి వెళ్ళిపోయారు. క్లర్కు నన్ను చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ఆర్డరు చూపించమన్నాను. "వాది తరఫు న్యాయవాది మరణించినట్టు తెలియజేశారు. వాది వేరే న్యాయవాదిని నియమించుకునేందుకు వాయిదా." అంతే. స్టే పొడిగించినట్టు ఒక్క ముక్క లేదు. వకీలు చనిపోతే క్లయింటు తరఫున మాట్లాడే వకాలత్ చెల్లదు. అడగడానికి మనిషి లేడు. ఎవరూ అడగలేదు, కాబట్టి ఎవరూ ఇవ్వలేదు. గొడ్డలి కాదు, బుల్డోజరు కాదు, నా చావు కబురు ఆ స్టేను కొట్టేసింది.

"తెలియజేసింది ఎవరు?" అన్నాను, చాచా చెప్పాక కూడా. క్లర్కు చెప్పాడు. నా బ్యాచ్‌మేట్. నా కోసం సగం యౌవనం పోగొట్టుకున్నవాడు. ఈ కేసులో బిల్డరు తరఫు వకీలు అతనే.

జడ్జి గారు వయసులో చిన్నావిడ. నన్ను చూడగానే లేచి నిలబడి, "కూర్చోండి మేడమ్, కూర్చోండి" అని, తను కూర్చోవడం మర్చిపోయారు. "పొద్దున మీ జూనియర్ పాసోవర్ అడిగింది. తర్వాత కబురొచ్చింది. ఆ మధ్యలోనే జరిగిందనుకున్నాం. అంత సీనియర్ లేచి కన్నీళ్ళతో చెబితే నమ్మకుండా ఎలా ఉంటాను?" అన్నారు. నిజమే, ఎవరు నమ్మరు? స్టే ఇప్పుడే పొడిగించమని బతిమాలాను. ఆమె మంచిదే. కానీ రికార్డులో నేను చనిపోయి ఉన్నాను. ముందు అది సరిచేయాలి, మెమో వెయ్యమన్నారు. అవతలి వకీలును కూడా ఒకసారి అడగాలి అన్నారు.

బయటికొచ్చి బల్ల మీద కాగితం పెట్టుకుని రాశాను: "పై కేసులో వాది తరఫు న్యాయవాదినైన నేను జీవించి ఉన్నానని గౌరవ కోర్టు వారికి మనవి." క్లర్కు దాన్ని తీసుకుని, చదివి, అలవాటు కొద్దీ అడిగాడు. "ఏ సెక్షన్ కింద మేడమ్?"

అతన్ని అప్పుడు కొట్టి ఉంటే ఏ సెక్షన్ కిందకి వచ్చేదో నాకు తెలుసు. కొట్టలేదు. దేనికీ సెక్షన్ దొరకనప్పుడు మేం రాసే సెక్షన్ ఒకటుంది, అది రాసి విసిరాను.

బ్యాచ్‌మేట్ ఫోన్ ఎత్తడం లేదు. చచ్చినదాని నంబరు మోగుతుంటే ఎవడెత్తుతాడు? ఇంతలో మా ఆయన ఫోన్ చేశాడు. సైన్యంలో చేసి రిటైరైన మనిషి, సైనిక్‌పురిలో ఇంట్లో తన మొక్కలూ తన పేపరూ తప్ప వేరే గొడవ ఉండదు.

"ఇంటికి మస్తు మంది వచ్చిన్రు" అన్నాడు, వాన పడుతోంది అన్నంత తాపీగా. "నన్ను పట్టుకొని ఏడుస్తున్రు. ఆమె కోర్టుకు పోయింది, సాయంత్రం వస్తది అంటె ఇంకింత ఏడుస్తున్రు. ఒకామె నాకు నీళ్ళు తాగిపిచ్చి పండుకోమంటుంది."

"వాడున్నడా అక్కడ? మా బ్యాచ్ వాడు?"

"ఉన్నడు. దండ పట్టుకొని సోఫాల కూసున్నడు."

"వానికియ్యి ఫోన్."

ఫోన్ చేతులు మారింది. నేను పేరు పెట్టి పిలిచాను. అవతల అతను వెక్కివెక్కి ఏడ్చాడు. "నువ్వేనా? నిజంగ నువ్వేనా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఇరవై ఏళ్ళకు పైగా ఎరుగుదును వాడిని, అది నటన కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"స్టే పొడిగించమని అన్నవా?" అని అడిగాను.

ఏడుపు ఆగింది. "నేనెట్ల అంట? అది నీ పక్షం అడగాలె గదా."

"నేను లేను గదరా."

"గదే గదా. నువ్వు లేవు. నాకు క్లయింటున్నడు. నేనడిగితె వాడూకుంటడా?"

"వానికి చెప్పినవా? స్టే పొడిగించలేదని?"

మా సోఫాలో, నాకోసం తెచ్చిన దండ ఒళ్ళో పెట్టుకుని, "చెప్పాలె గదా. ఆర్డర్ చెప్పుడు నా డ్యూటీ" అన్నాడు.

అతను ఒక్క రూలు తప్పలేదు. ఏ పుస్తకం తిరగేసినా అతని మీద ఒక్క తప్పు దొరకదు. నాకొచ్చింది కోపం కాదు, కోపమైతే నాకు అలవాటే. ఒకే మనిషి, ఒకే గంటలో, నాకోసం కోర్టులో ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నా మీద గెలిచాడు. రెండూ మనస్ఫూర్తిగానే చేశాడు.

జడ్జి గారు అతనితో ఫోన్‌లోనే మాట్లాడారు. అభ్యంతరం లేదన్నాడు, చెప్పొద్దూ. వెంటనే స్టే పొడిగిస్తూ ఆర్డరు ఇచ్చారు. కాపీ చేతికిచ్చేలోపే చాచా ఫోన్ మోగింది. పక్క పాన్ డబ్బా అతను. ఆ గొంతు నాకూ వినబడింది. "చాచా, జల్ది రా. జేసీబీ వచ్చింది."

నేనూ చాచా ఆటోలో కూర్చున్నాం. ఆర్డరు నా చేతిలోనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నేను డ్రైవర్‌ను తిడుతున్నాను, ఆ సిగ్నళ్ళు అతను పెట్టినట్టు.

తిరుమలగిరిలో మేం దిగేసరికి షట్టర్ రోడ్డు మీద పడి ఉంది. వెనక గోడ లేదు. గోడ ఉన్నచోట అవతలి వీధి కనిపిస్తోంది. కుట్టు మిషన్లు ఫుట్‌పాత్ మీద వరసగా పెట్టారు, జాగ్రత్తగానే పెట్టారు. కుట్టి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలు మట్టిలో ఉన్నాయి. నేను పరిగెత్తి వెళ్ళి ఆర్డరు ఎత్తి చూపించాను. "ఆపండి! స్టే ఉంది!" జేసీబీ నడిపేవాడు ఇంజను ఆపాడు. సూపర్‌వైజరు వచ్చి, ఆ కాగితాన్ని మర్యాదగా చదివాడు.

"దుకాణం జోలికి పోవద్దని ఉంది మేడమ్" అన్నాడు. "పోము. ఇగ ఆడ ఏమున్నది పోనీకి?"

అతను వెక్కిరించలేదు. నిజంగానే అన్నాడు. నా చేతిలో ఉన్నది కోర్టు ఆర్డరు, ముద్రతో సంతకంతో, ఇంకా మడత పడని కాగితం. ఈ దుకాణాన్ని ఎవరూ కదిలించకూడదని దాంట్లో రాసి ఉంది. ఎదురుగా దుకాణం లేదు. ఇంతకుముందు నేను ఎన్నో కేసులు ఓడిపోయాను. కానీ గెలిచిన కాగితం చేతిలో పట్టుకుని ఇలా ఎప్పుడూ నిలబడలేదు. మళ్ళీ దావా వేయొచ్చు, మళ్ళీ కట్టించమని అడగొచ్చు, వేశాను కూడా, నడుస్తోంది. అది ఏ సంవత్సరానికి తేలుతుందో నాకు తెలుసు, అందుకే చాచాకు చెప్పలేదు.

ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాను. ఫోన్ ఆగకుండా మోగుతోంది. మౌలాలి అన్న గ్రూపులో "శుభవార్త" అని పెట్టాడు, మళ్ళీ అదే ఫొటోతో. కింద అభినందనలు. పునర్జన్మ అని, మృత్యుంజయురాలని, పార్టీ ఎప్పుడని. బ్యాచ్‌మేట్ కూడా పెట్టాడు, ఈ రోజు నా సగం యౌవనం తిరిగొచ్చింది అని. ఆ మెసేజ్‌కు అందరికంటే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. నేను గ్రూపులో ఒకే వాక్యం రాశాను, మీ సంతాపం వల్ల ఒక దుకాణం కూలిపోయింది అని. తర్వాత ఎవరో, పోనీలే మేడమ్, మీరు బతికారు, అది చాలు మాకు అన్నారు. దానికీ చప్పట్లు పడ్డాయి.

చాచా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేతిలో ఒక కత్తెర ఉంది, దాన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

"అంత ఖుష్ ఉన్నరా మీవోళ్ళు?" అన్నాడు ఫోన్ వైపు చూసి.

"ఉన్నరు చాచా."

"ఉండాలె మరి." కత్తెర ఒళ్ళో పెట్టుకుని, ఏదో దరఖాస్తు గురించి అడిగినట్టు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "బేటీ, నువ్వు పోయినవంటె కోర్టు సగం దినం బంద్ పెట్టిన్రు గదా. నా దుకాణం పోయింది. దీనికి సుత రేపు జెరసేపు బంద్ పెడ్తరా? ఎవరినడగాలె?"

నేను చెప్పాను. "పెట్టరు చాచా."

"అట్లనా" అన్నాడు, మళ్ళీ కత్తెర తుడవడం మొదలుపెట్టాడు.